టైటిల్ బార్ మీద అదనపు బటన్లు: సింగపూర్ ఆఫీసు తెర చెప్పే చరిత్ర

కంప్యూటర్ తెర మీద తెరుచుకునే ప్రతి విండోకూ పైన ఒక సన్నని పట్టీ ఉంటుంది. దాన్నే టైటిల్ బార్ అంటారు. ఫైలు పేరు, ప్రోగ్రాం పేరు అక్కడే కనిపిస్తాయి. విండోను పట్టుకుని పక్కకు జరపాలన్నా ఆ పట్టీయే ఆధారం. దాని చివర మూడు బటన్లు ఉంటాయి. ఒకటి విండోను కిందికి దించుతుంది, ఒకటి తెర నిండా పరుస్తుంది, ఇంటూ గుర్తున్నది మూసేస్తుంది. ఈ మూడూ చాలవనుకున్నవాళ్లు దశాబ్దాలుగా అదే పట్టీ మీద మరికొన్ని బటన్లు చేరుస్తూ వచ్చారు. విండోను అన్నిటికంటే పైన నిలిపి ఉంచేది ఒకటి, చాప చుట్టినట్టు చుట్టేసి పట్టీని మాత్రం మిగిల్చేది ఒకటి, పక్క మానిటర్‌కు పంపేది ఒకటి, గడియారం పక్కన చిన్న బొమ్మగా దాచేది ఒకటి, వెనక ఏముందో కనబడేలా విండోను పారదర్శకం చేసేది మరొకటి. వీటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒక ఆఫీసు బల్ల దగ్గర, పని నడవక పుట్టిన అవసరమే.

ఆ పట్టీ మీద ఏం ఉండాలో తేల్చేది ఎవరు? సిస్టం తయారుచేసినవాళ్లా, రోజూ దాని ముందు కూర్చునేవాళ్లా, జీతమిచ్చే కార్యాలయమా? టైటిల్ బార్ చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు రావడమే ప్రభుత్వ విధానంగా సాగిన సింగపూర్‌లో దీన్ని దగ్గర నుంచి చూడవచ్చు.

1981 ఈ కథకు మొదటి మజిలీ. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో జిరాక్స్ సంస్థ స్టార్ అనే కంప్యూటర్‌ను విడుదల చేసింది. బొమ్మలు, విండోలు, మౌస్‌తో ఆఫీసు పని కోసం అమ్మకానికి వచ్చిన తొలి యంత్రాల్లో అది ముఖ్యమైనది. అదే ఏడాది సెప్టెంబరులో సింగపూర్‌లో నేషనల్ కంప్యూటర్ బోర్డు ఏర్పడింది. మంత్రిత్వ శాఖల పనిని కంప్యూటర్లకు ఎక్కించే సివిల్ సర్వీస్ కంప్యూటరైజేషన్ ప్రోగ్రాం కూడా అప్పుడే మొదలైంది. అంగ్ మో కియోలో ఆపిల్ సంస్థ కర్మాగారం తెరిచింది కూడా 1981లోనే. సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ టెక్నాలజీ చైనాటౌన్‌లోని పెరల్స్ సెంటర్‌లో ఒక చిన్న మరమ్మతు దుకాణంగా పుట్టిందీ ఆ ఏడాదే. స్టార్, ప్రభుత్వ ప్రయత్నం, ఆపిల్ కర్మాగారం, క్రియేటివ్ దుకాణం, ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయితే తర్వాతి ఇరవై ఏళ్లలో సింగపూర్ ఉద్యోగి బల్ల మీదికి ఏం వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ నాలుగూ కావాలి.

అప్పటికి ఆఫీసుల్లో ఉన్నవి పెద్ద కంప్యూటర్‌కు తగిలించిన టెర్మినళ్లు. నల్లని తెర మీద ఒకే రంగు అక్షరాలు, ఒకసారికి ఒకే పని. విండో అనేదే లేనప్పుడు దాన్ని జరపడం, దించడం అనే ఆలోచన కూడా ఉండదు.

స్టార్‌లో విండోలు ఒకదానిమీద ఒకటి పడేవి కావు, పక్కపక్కనే సర్దుకునేవి. ప్రతి విండో తలకట్టులో పేరుతో పాటు మూసేయడం వంటి ఆజ్ఞలు మాటల రూపంలో ఉండేవి. అంటే టైటిల్ బార్ పుట్టినప్పుడే దాని మీద బటన్లున్నాయి. 1984 జనవరిలో వచ్చిన ఆపిల్ మెకింటాష్ ఆ మాటల్ని తీసేసి, పట్టీకి ఎడమ కొసన ఒక చిన్న చదరం మాత్రం ఉంచింది. దాన్ని నొక్కితే విండో మూసుకుపోతుంది. రెండేళ్ల తర్వాత, 1986లో మాక్ ప్లస్‌తో, కుడి వైపు మరో చదరం వచ్చింది. అది విండోను పెద్దది చేసి, మళ్లీ నొక్కితే పాత కొలతకు తెస్తుంది. మూడో బటన్ కావాలనుకున్నవాళ్లకు ఆపిల్ సెట్టింగుల్లో మార్గం పెట్టలేదు. పట్టీ తయారీదారుడి సొంతం అన్న ధోరణి అక్కడ స్థిరపడింది.

మైక్రోసాఫ్ట్ దారి వేరు. 1985 నవంబరులో వచ్చిన విండోస్ మొదటి రూపంలో విండోలు పలకలు పరిచినట్టే ఉండేవి. 1987 చివర్లో వచ్చిన రెండో రూపంలో అవి ఒకదానిమీద ఒకటి పడటం మొదలైంది. పైనున్నది కిందున్నదాన్ని కప్పేస్తున్నప్పుడు వాటిని దించడానికి, పెంచడానికి సులువైన దారి కావాలి. అందుకే కుడి కొసన కింది బాణం, పై బాణం గుర్తులతో రెండు బటన్లు నిలిచాయి. మూసేయాలంటే మాత్రం ఎడమ చివరి పెట్టెను రెండుసార్లు నొక్కాలి. 1988 మార్చిలో ఆపిల్ తన తెర రూపాన్ని కాపీ కొట్టారని మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. ఆపిల్ ఎత్తిచూపిన 189 అంశాల్లో 179 పాత లైసెన్సు ఒప్పందం కిందికే వస్తాయని కోర్టు తేల్చింది. మిగిలిన పదీ కాపీరైటుకు తగినవి కావని చెప్పింది. 1994లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. టైటిల్ బార్, దాని మీది బటన్లు ఏ ఒక్క కంపెనీకీ సొంతం కాకుండా పోవడం వెనక ఈ వ్యాజ్యం ఉంది. తర్వాత వచ్చిన అదనపు బటన్ల ప్రోగ్రాములు నిర్భయంగా తయారయ్యాయంటే ఈ తీర్పుకు కొంత పాత్ర ఉందని చెప్పుకోవాలి.

ఈ గొడవ జరుగుతున్న కాలంలోనే సింగపూర్‌లో కంప్యూటర్ల వ్యాపారానికి రెండు చిరునామాలు స్థిరపడ్డాయి. ఫునాన్ సెంటర్ 1985లో, సిమ్ లిమ్ స్క్వేర్ 1987లో మొదలయ్యాయి. విడిభాగాలు కొని యంత్రాన్ని అక్కడికక్కడే బిగించుకోవడం, దాంట్లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం, ఇంటికి పట్టుకెళ్లి మార్పులు చేసుకోవడం ఈ దుకాణాల చుట్టూ పెరిగిన అలవాటు. 1989 జనవరి 1న మొదలైన ట్రేడ్‌నెట్ దిగుమతి, ఎగుమతి పత్రాలను కాగితం నుంచి కంప్యూటర్‌కు మార్చింది. ఆ తర్వాతి కాలంలో సరుకుల ఏజెంటు బల్ల మీద ఒకేసారి నాలుగైదు పనులు తెరిచి ఉంచడం మామూలైపోయింది. ఒక విండోలో అనుమతి పత్రం, మరోదానిలో ఓడ వివరాలు, ఇంకోదానిలో లెక్కల పట్టిక. అదనపు బటన్ల అవసరం ఇలాంటి బల్లల దగ్గరే పెరుగుతుంది.

అయితే ఆ అవసరాన్ని ముందుగా తీర్చింది ఆఫీసులు కావు, విశ్వవిద్యాలయాలు. అమెరికాలోని ఎంఐటీలో 1984లో మొదలైన ఎక్స్ విండో సిస్టం ఒక కొత్త సూత్రం మీద నిలబడింది. తెర మీద గీసే పని సిస్టం చేస్తుంది. విండోకు పట్టీ ఎలా ఉండాలి, దాని మీద ఏ బటన్లుండాలి అన్నది విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాం చూసుకుంటుంది. నచ్చకపోతే ఆ ప్రోగ్రాంను మార్చేసుకోవచ్చు. పట్టీ మీది అధికారం తయారీదారుడి చేతి నుంచి వినియోగదారు చేతికి మొదటిసారి వచ్చింది ఇక్కడే. సింగపూర్‌లో జాతీయ విశ్వవిద్యాలయం కేంద్రంగా 1991లో పరిశోధకుల కోసం టెక్‌నెట్ ఏర్పడినప్పుడు, ఆ పరిశోధకులు ప్రపంచంతో కలిసింది ఎక్స్ ఎక్కువగా నడిచిన యూనిక్స్ యంత్రాల లోకం ద్వారానే.

టామ్ లాస్ట్రేంజ్ 1980ల చివర్లో రాసిన టీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌ను కాస్త దగ్గరగా చూడాలి. దానికి ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. కొత్త బటన్ కావాలంటే ఆ ఫైలులో ఒక్క వరస రాస్తే చాలు. మొదట బటన్ ఎడమ వైపా, కుడి వైపా అన్నది రాయాలి, తర్వాత దాని మీద కనిపించాల్సిన చిన్న బొమ్మ పేరు, చివరగా నొక్కినప్పుడు జరగాల్సిన పని. ఎన్ని వరసలు రాస్తే అన్ని బటన్లు. 1993లో రాబర్ట్ నేషన్ విడుదల చేసిన ఎఫ్‌వీడబ్ల్యూఎం ఇందులో ఒక పద్ధతి పెట్టింది. మొత్తం పది బటన్లకు చోటు, బేసి సంఖ్యలవి పట్టీకి ఎడమ వైపు, సరి సంఖ్యలవి కుడి వైపు. ఒక్కో బటన్‌ను మౌస్ ఎడమ మీటతో నొక్కితే ఒక పని, కుడి మీటతో నొక్కితే మరో పని చేసేలా కూడా అమర్చుకోవచ్చు. ఇప్పటికీ ఇంతకు మించిన స్వేచ్ఛ ఏ సాధారణ డెస్క్‌టాప్‌లోనూ లేదు.

అదే కాలంలో సన్ సంస్థ యంత్రాల మీద నడిచిన ఓపెన్ లుక్ పద్ధతిలో ఒక అందమైన ఆలోచన ఉంది. పైకి వచ్చే చిన్న విండోల పట్టీకి ఎడమ కొసన గుండుసూది బొమ్మ ఉండేది. దాన్ని నొక్కితే సూది గుచ్చుకున్నట్టు కనిపించి, పని అయిపోయినా ఆ విండో మాయం కాకుండా నిలిచేది. తర్వాతి కాలంలో విండోను అన్నిటికన్నా పైన నిలిపే బటన్‌కు చాలా ప్రోగ్రాములు గుండుసూది బొమ్మే వాడాయి. వాటికి ముందే జనానికి ఆ గుర్తును పరిచయం చేసింది ఓపెన్ లుక్.

1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95తో పట్టీ నేటి రూపానికి వచ్చింది. దించేది, పెంచేది, ఇంటూ గుర్తుతో మూసేది, మూడూ కుడి వైపే. ఇంటూ గుర్తు కొత్తది కాదు, స్టీవ్ జాబ్స్ సంస్థ తెచ్చిన నెక్స్ట్‌స్టెప్‌లో 1988 నుంచే ఉంది. మూసే బటన్‌ను పెంచే బటన్ పక్కనే పెట్టడం మంచి నిర్ణయం కాదు. పెద్దది చేయబోయి మూసేసుకున్న అనుభవం లేని వినియోగదారు అరుదు. కానీ కోట్ల యంత్రాల మీద అదే అలవాటైపోయింది.

అదనపు బటన్ల ప్రోగ్రాములు విండోస్‌కు వరసగా రావడం మొదలైంది ఆ తర్వాతే. అవి పనిచేసే తీరు ఇది. విండోస్‌లో ప్రతి విండోకూ రెండు భాగాలుంటాయి. లోపలి భాగం ప్రోగ్రాంది, చుట్టూ ఉన్న అంచు, పైపట్టీ సిస్టంవి. పట్టీని గీయాల్సి వచ్చినప్పుడల్లా సిస్టం ఒక సందేశం పంపుతుంది. అదనపు బటన్ల ప్రోగ్రాం ప్రతి విండో సందేశాల మధ్యలోకి చొరబడి, సిస్టం తన మూడు బటన్లూ గీసిన వెంటనే వాటి పక్కన తనవి గీస్తుంది. అక్కడ మౌస్ నొక్కు పడితే సిస్టం కంటే ముందే అందుకుంటుంది. పైన నిలిపే బటన్ చేసేది కొత్త పనేమీ కాదు, విండోస్‌లో అప్పటికే ఉన్న ఒక గుర్తును ఆన్ చేయడమే. పారదర్శకం చేసే శక్తి మాత్రం విండోస్ 2000తో వచ్చింది. సిస్టంలో ఉన్న సామర్థ్యాన్ని వినియోగదారుకు అందేలా బయటికి తేవడమే ఈ చిన్న ప్రోగ్రాముల గొప్పతనం. 1994లో సింగ్‌నెట్, మరుసటి ఏడాది పసిఫిక్ ఇంటర్నెట్ సింగపూర్ ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చాక, షేర్‌వేర్‌గా దొరికే ఇలాంటి ఉపకరణాలను దించుకుని నెలరోజులు వాడి చూడటం ఎవరికైనా సాధ్యమైంది.

ఆపిల్ వైపు కథ ఇంకా ఆసక్తికరం. విండోను చుట్టేసి పట్టీని మాత్రం మిగిల్చే విండోషేడ్ మొదట బయటివాళ్లు రాసిన ఉపకరణం. ఆపిల్ దాన్ని తీసుకుని 1994లో సిస్టం 7.5లో కలిపేసింది. 1997లో మాక్ ఓఎస్ 8 వచ్చేసరికి దానికి పట్టీ మీదే ఒక బటన్ దక్కింది. 2001 మార్చిలో మాక్ ఓఎస్ ఎక్స్ వచ్చినప్పుడు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ బటన్లు ఎడమ వైపు చేరి, ఆ చుట్టే బటన్ మాయమైంది. అలవాటుపడ్డవాళ్ల కోసం అన్‌సానిటీ అనే చిన్న సంస్థ దాన్ని మళ్లీ అదనపు ఉపకరణంగా అమ్మింది. బయటివాళ్ల చేతిలో పుట్టి, సిస్టంలోకి వెళ్లి, మళ్లీ బయటివాళ్ల చేతికే వచ్చిన బటన్ ఇది.

ఆగ్నేయాసియా ఆఫీసులకు ప్రత్యేకమైన మరో చిక్కు ఉంది. ఇంగ్లిషు, మలయ్, చైనీస్, తమిళం నాలుగూ అధికార భాషలైన సింగపూర్‌లో ఒకే కంప్యూటర్‌లో రెండు లిపులు రాయడం ఎప్పుడూ ఉన్న అవసరమే. క్రియేటివ్ సంస్థ 1986లో తెచ్చిన క్యూబిక్ సీటీ కంప్యూటర్ చైనీస్ లిపిని చూపడమే తన ప్రత్యేకతగా చెప్పుకుంది. అది పెద్దగా అమ్ముడుపోలేదు. అందులోని శబ్దపు పరిజ్ఞానం మాత్రం దారి మార్చుకుని 1989 నాటి సౌండ్ బ్లాస్టర్‌కు చేరింది. విండోస్ ఎక్స్‌పీ కాలానికి లిపి మార్చడానికి లాంగ్వేజ్ బార్ అనే చిన్న పట్టీ వచ్చింది. అది తెరకు పైన కుడి వైపు, అంటే తెర నిండా పరిచిన విండో టైటిల్ బార్ మీదే, మూడు బటన్ల పక్కన వచ్చి కూర్చునేది. ఫైలు పేరు పొడుగ్గా ఉంటే దాని కొస కనబడేది కాదు. అదనపు బటన్లు పెట్టుకున్నవాళ్లకు ఆ చోటు కోసం రెండు ఉపకరణాలు పోటీపడేవి. చైనీస్ అయినా తమిళమైనా తెలుగైనా, ఇంగ్లిషుతో పాటు మరో లిపి రాసే ఎవరికైనా ఈ ఇబ్బంది తెలిసినదే. తెలుగు లిపికి విండోస్‌లో గౌతమి ఫాంటు వచ్చిందీ ఎక్స్‌పీతోనే.

సింగపూర్ ఆర్థిక రంగంలో ఈ బటన్ల అవసరం మరింత గట్టిది. 1984లో మొదలైన సైమెక్స్ ఫ్యూచర్స్ మార్కెట్‌లో బేరాలు అరుపులతో, చేతి సైగలతో జరిగేవి. 1999 డిసెంబరులో అది స్టాక్ ఎక్స్చేంజ్‌తో కలిసి ఎస్‌జీఎక్స్ అయింది. అరుపుల బేరాలు తెర మీదికి మారాయి. 2013 నాటికి విదేశీ మారక వ్యాపారంలో టోక్యోను దాటి, లండన్, న్యూయార్క్‌ల తర్వాత మూడో స్థానానికి సింగపూర్ చేరింది. ఇలాంటి డీలరు బల్ల మీద రెండు నుంచి ఆరు దాకా మానిటర్లు ఉండటం మామూలు. రేట్లు చూపే విండో మరో విండో కింద పడి క్షణం పాటు కనబడకపోయినా నష్టమే. అందుకే పైన నిలిపే బటన్, పక్క మానిటర్‌కు పంపే బటన్ ఇక్కడ విలాసం కాదు. 1998లో విండోస్ 98 ఒకే కంప్యూటర్‌కు పలు మానిటర్లు తగిలించే వీలు కల్పించింది కానీ, విండోను ఒకదాని నుంచి మరోదానికి పంపే బటన్ ఇవ్వలేదు. అల్ట్రామాన్ వంటి ఉపకరణాలు ఆ లోటు పూరించాయి. అల్ట్రామాన్ పట్టీ మీద రెండు బటన్లు చేర్చేది. ఒకటి విండోను పక్క మానిటర్‌కు దూకిస్తుంది, రెండోది అన్ని మానిటర్ల మీదా పరుస్తుంది.

ప్రభుత్వ కార్యాలయాల్లో తీరు వేరు. 2004లో సింగపూర్ రక్షణ మంత్రిత్వ శాఖ 5,000 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కు బదులు ఉచితంగా దొరికే ఓపెన్ ఆఫీస్ పెట్టింది. లోపలి ప్రోగ్రాం మారింది కానీ పైపట్టీ విండోస్‌దే. 2008లో అసలైన మార్పు వచ్చింది. ప్రభుత్వ సంస్థలన్నిటి డెస్క్‌టాప్, ఈమెయిల్, నెట్‌వర్క్ ఒకే తీరుగా ఉండాలని ఎస్‌ఓఈజీ అనే పథకం మొదలైంది. ఎనిమిదేళ్ల కాలానికి 130 కోట్ల సింగపూర్ డాలర్ల విలువైన ఆ కాంట్రాక్టు ఈడీఎస్ అనే సంస్థ నాయకత్వంలోని వన్‌మెరిడియన్ సమాఖ్యకు దక్కింది. ఇలాంటి ఏర్పాటులో ఉద్యోగి తన యంత్రంలో సొంతంగా ఏ ఉపకరణమూ ఎక్కించుకోకూడదన్నది సాధారణ నియమం. భద్రత దృష్ట్యా అది సమంజసమే. ప్రతి విండో సందేశాల మధ్యలోకి చొరబడే ప్రోగ్రాంను చూసి ఏ భద్రతాధికారి అయినా వెనకాడతాడు. కానీ రోజుకు ఎనిమిది గంటలు ఆ తెర ముందు కూర్చునే మనిషికి పట్టీ మీద మాటే లేకుండా పోయిందన్నది కూడా అంతే నిజం.

అదే సమయంలో సాంకేతికంగా మరో దెబ్బ తగిలింది. 2007 జనవరిలో వచ్చిన విండోస్ విస్టాలో విండోల అంచులను, గాజులా మెరిసే పట్టీని గీసే పని డెస్క్‌టాప్ విండో మేనేజర్ అనే కొత్త భాగం చేతికి పోయింది. పాత పద్ధతిలో పట్టీ మీద గీసే ఉపకరణాలు చాలావాటిని మళ్లీ రాయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది గూగుల్ క్రోమ్ తన ట్యాబులను నేరుగా టైటిల్ బార్ చోటులోకి ఎక్కించింది. ఆ పట్టీని సిస్టం కాకుండా ప్రోగ్రాం తానే గీసుకోవడం అక్కడి నుంచి పాకిపోయింది. ఒక్కో ప్రోగ్రాం ఒక్కోలా గీసుకుంటే అన్నిటికీ ఒకే అదనపు బటన్ చేర్చడం ఎలా? మొదట సిస్టంకు, తర్వాత వినియోగదారుకు చెందిన పట్టీ ఇప్పుడు ప్రోగ్రాం రాసినవాళ్ల చేతికి వెళ్లింది.

యూనిక్స్ బాటలోనే నడిచిన లినక్స్ లోకంలో రెండు వ్యతిరేక ధోరణులు నడిచాయి. 1996లో మథియాస్ ఎట్రిక్ మొదలుపెట్టిన కేడీఈ డెస్క్‌టాప్ టీడబ్ల్యూఎం బాటను వదల్లేదు. అన్ని డెస్క్‌టాపుల మీదా కనిపించేది, పైన నిలిపేది, అడుగున ఉంచేది, చుట్టేసేది, ఇలాంటి బటన్లను సెట్టింగుల్లో మౌస్‌తో లాగి పట్టీ మీద కావలసిన చోట పెట్టుకోవచ్చు. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ మాత్రం 2011 ఏప్రిల్‌లో మూడో రూపంతో దించే, పెంచే బటన్లను కూడా తీసేసి ఇంటూ గుర్తు ఒక్కటే మిగిల్చింది. ఉబుంటు అనే లినక్స్ రూపం 2010లో బటన్లను ఎడమకు మార్చి, 2017లో మళ్లీ కుడికి తెచ్చింది. చేతి అలవాటు ఎంత మొండిదో ఈ ఏడేళ్లు చూపించాయి.

సింగపూర్ ప్రభుత్వ ఉద్యోగుల తెర మీద మరో పెద్ద మార్పు టైటిల్ బార్‌తో నేరుగా ముడిపడింది కాదు. 2017 మే నాటికి దాదాపు 1,00,000 ప్రభుత్వ కంప్యూటర్లను ఇంటర్నెట్ నుంచి విడదీస్తామని 2016 జూన్‌లో ప్రకటన వచ్చింది. ఆఫీసు పనికి ఒక యంత్రం, ఇంటర్నెట్ చూడటానికి వేరే యంత్రం. రెండు విండోలను పక్కపక్కన పెట్టుకుని ఒకదాన్ని చూస్తూ మరోదానిలో రాయడం ఆఫీసు తెర నేర్పిన పాత అలవాటు. ఈ విధానంతో ఆ రెండు విండోలు రెండు యంత్రాల్లో ఉండిపోయాయి. ఒకదాన్నుంచి మరోదానికి విండోను పంపే బటన్ ఏదీ లేకపోయింది, ఉండకూడదన్నదే ఆ విధానం.

ఈలోగా అదనపు బటన్లు చేసిన పనులు ఒక్కొక్కటిగా సిస్టంలోకే వచ్చి చేరాయి. విండోస్ 7లో విండోను తెర అంచుకు లాగితే సగం తెరకు సర్దుకుంటుంది, పట్టీని పట్టుకుని ఊపితే మిగతా విండోలన్నీ కిందికి దిగుతాయి. విండోస్ మీటను, షిఫ్టును నొక్కి పట్టి పక్క బాణం నొక్కితే విండో పక్క మానిటర్‌కు వెళ్తుంది. 2021లో వచ్చిన విండోస్ 11లో పెంచే బటన్ మీద మౌస్ నిలిపితే విండోను ఎక్కడ సర్దాలో చూపే చిన్న పటం తెరుచుకుంటుంది. మాక్ ఆకుపచ్చ బటన్ కూడా ఇప్పుడు అలాంటి జాబితాయే చూపుతుంది. కొత్త బటన్ చేర్చకుండా పాత బటన్‌లోనే మరిన్ని పనులు పెట్టే పద్ధతి ఇది. విండోను పైన నిలిపే పనిని మైక్రోసాఫ్ట్ తన పవర్‌టాయ్స్ ఉపకరణాల్లో చేర్చి, విండోస్, కంట్రోల్ మీటలతో పాటు టీ అక్షరాన్ని నొక్కితే జరిగేలా పెట్టింది. అలా నిలిపిన విండో చుట్టూ రంగు గీత కనిపిస్తుంది. పట్టీ మీద మాత్రం దానికి బటన్ ఇంకా ఇవ్వలేదు.